ముందు వేగం చూసుకో, ఆ తర్వాతే మాట

చి॥ అమ్ములుకు,

మావయ్య ఆశీస్సులు. ఆఫీసు నుంచి రాగానే రోజుకో జాజ్ రికార్డు విని, తోచిన నాలుగు ముక్కలు స్నేహితులకు రాస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటే గుబులూ పట్టుకుంది. నీ మాట నమ్మి ఒకరు ఆ రికార్డు కొంటారు, ఇంకొకరు జన్మలో దాని జోలికి పోరు.

దుమ్ము తుడువు. సూది బరువు, సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితంలో ఎంతుంటే అంతే పెట్టు. ఒక వైపు పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టుకోకు.

ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో మొదలుపెడతావట. దాని కథ తెలుసుకుని మొదలుపెట్టు. మొదటి వైపు మూడు ట్రాకులూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లో, కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో రికార్డయ్యాయి. ఆ రోజు మాస్టర్ టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా నడిచింది. అలా ఎక్కిన టేపును సరైన వేగంతో తిప్పితే పాట పరుగెత్తుతుంది, శ్రుతి హెచ్చుతుంది. ఎల్పీలు ఆ టేపు నుంచే వచ్చాయి. ఏప్రిల్ 22న రికార్డైన రెండో వైపు మాత్రం సరిగ్గానే ఉంది. రికార్డుతో కలిసి వాయించబోయినవాళ్ళు మొదటి వైపు శ్రుతి కలవక తికమకపడ్డారు. అదే సెషన్లో పక్కన ఇంకో యంత్రం మీద ఎక్కించిన టేపు సరైన వేగంలో ఉంది. దానితో తప్పు దిద్దింది 1992లో. అంటే ముప్పై ఏళ్ళకు పైగా!

నువ్వు పాత ప్రతి ఒకటి కొని, ‘ట్రంపెట్ పలచగా ఉంది, అంతా తొందరగా సాగింది’ అని రాశావనుకో. తప్పు యంత్రానిది, నింద మైల్స్‌ది. నా భయమంతా ఇదే తల్లీ.

అందుకని ముందు నీ టర్న్‌టేబుల్ సంగతి తేల్చు. నువ్వుండే అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 216 గీతల స్ట్రోబ్ డిస్క్ (కరెంటు దీపం కింద తిప్పి వేగం సరిచూసుకునే గీతల బిళ్ళ) కావాలి. ఇక్కడినుంచి తెప్పించుకోకు, మన 50 హెర్ట్జ్‌కి 180 గీతలుంటాయి. సూది రికార్డు మీద ఉండగానే చూడు, దాని రాపిడికి వేగం తగ్గొచ్చు. గీతలు నిలిచినట్టుంటే సరే. తిరిగే దిక్కుకే జారితే వేగం ఎక్కువ, వెనక్కి జారితే తక్కువ. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద గీతలు అసలు కనపడవు, బల్బు మార్చు.

ఆ తర్వాత తంబురా యాప్‌లో డి శ్రుతి పెట్టి మొదటి ట్రాకు ‘సో వాట్’ వెయ్యి. బేస్ షడ్జమంలో కలవకుండా పైపైన తేలుతుంటే అది పాత తప్పున్న ప్రతే. చిన్నప్పుడు వర్ణం మధ్యలో శ్రుతి జారితే ఎవరూ చెప్పకుండానే ఆగి, మళ్ళీ ఎత్తుకునేదానివి. ఆ చెవి ఎక్కడికీ పోలేదు.

కానీ మీ నాన్నకు ‘సో వాట్ అచ్చం ఖరహరప్రియ రాగం’ అని రాస్తావా? స్వరస్థానాలు అవే, నిజమే. గమకాలేవి? పదహారు బార్ల (మన తాళం ఆవర్తనాల్లాంటివి) తర్వాత ఎనిమిది బార్ల పాటు ఆధార శ్రుతే అర మెట్టు పైకి జరిగి, మళ్ళీ ఎనిమిదికి కిందికి దిగుతుంది. వేళ్ళతో లెక్కపెట్టి విను, అదే రాయి.

ఎవరు వాయించారో కూడా చూసుకో. ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో పియానో వింటన్ కెల్లీది, మిగతా నాలుగింటిలో బిల్ ఎవాన్స్‌ది. తొలి ప్రతులు కొన్నింటిలో ‘ఆల్ బ్లూస్’, ‘ఫ్లమెంకో స్కెచెస్’ పేర్లు తారుమారయ్యాయి కూడా.

నచ్చకపోతే నచ్చలేదనే రాయి, జంకకు. ఏ వాద్యం, ఎన్నో నిమిషం అన్నది మాత్రం వదలకు. శాక్సోఫోన్ విద్వాంసులు కోల్ట్రేన్, డాల్ఫీల వాయింపును 1961లో డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికలో ఒక విమర్శకుడు ‘యాంటీ జాజ్’ అన్నాడు. ఆ మాట ఇవాళ్టికీ మిగిలిపోయింది.

నీ రికార్డు లేబుల్ చుట్టూ, పాట గాడులు అయిపోయిన నునుపు చోట, చెక్కిన అక్షరాలూ అంకెలూ ఉంటాయి. దీపం పక్కవాటుగా పెట్టి ఫోటో తీసి పంపు. ఏ ప్రతో చూసి చెబుతాను. మొదటి నాలుగు ముక్కలూ ముందు నాకే రాయి.

మావయ్య