అమ్మలూ, ఆ ఇంటికి ఇంకా సంతకం పెట్టకు

చిరంజీవి అమ్మలూకి, అత్తయ్య దీవెనలు.

నిన్న రాత్రి అన్నయ్య విజయవాడ నుంచి ఫోను చేశాడు. మీరు న్యూజెర్సీ వదిలి ఇక్కడ టెక్సాస్‌లోని ఫ్రిస్కో వస్తున్నారనీ, బాబు తొమ్మిదో తరగతి కోసం అక్కడి పన్నెండు హైస్కూళ్లనూ నువ్వు పట్టిక వేసి పోల్చావనీ చెప్పి, ఆ పట్టిక నాకూ పంపాడు. చూసి మురిసిపోయాను. వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చి మామిడికాయలను వరుసలు పేర్చి, లెక్క గోడ మీద రాసిపెట్టిన పిల్లవు కదా నువ్వు! కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. పట్టికలో పద్నాలుగు గడులున్నాయి. బాబు గురించి ఒక్క గడి కూడా లేదు. పైగా ఇల్లు కూడా చూసేశారట, వచ్చే వారమే సంతకమట.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు, ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూలు డిస్ట్రిక్టయిన ఫ్రిస్కో ఐఎస్‌డీ కిందికి రాదు. ఊళ్లో కొంత భాగం ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టులది. అటు ప్లేనో, మెకిన్నీలలోని కొన్ని ఇళ్లు మాత్రం ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. ఏజెంటు మాట నమ్మకుండా డిస్ట్రిక్టు ఆఫీసునే అడుగు. ఏ ఇల్లు ఏ స్కూలుకో చెప్పే జోన్ గీతలు శాశ్వతమనీ అనుకోకు. 2021లో ఎమర్సన్, 2022లో పాంథర్ క్రీక్ హైస్కూళ్లు తెరిచారు. కొత్త స్కూలు వచ్చిందంటే చుట్టుపక్కల గీతలు కదులుతాయి. పశువైద్యం, వంట వంటి వృత్తి కోర్సులకు అన్ని హైస్కూళ్ల పిల్లలూ వెళ్లేది ఒకే సీటీఈ సెంటర్‌కు కాబట్టి ఆ గడి కొట్టెయ్యి.

ఇక నీ మొదటి గడి, రేటింగు. పరీక్షల ఫలితాలు, కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమైనవాళ్ల లెక్క, చదువు పూర్తిచేసినవాళ్ల లెక్క, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్నది, అన్నీ కలిపి రాష్ట్రం వాళ్లు స్కూలుకు ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం ఇస్తారు. దాన్ని అబద్ధమని అనను. ఎక్కడైనా సీ, డీ కనిపిస్తే కారణం తప్పకుండా అడుగు. కానీ రెండు ‘ఏ’ల మధ్య నాలుగు మార్కుల తేడా చూసి నువ్వు ఇల్లు ఎంచుకున్నావు. నాకు భయం వేసింది అక్కడే.

ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

2010లో మా అమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. అప్పట్లో టెక్సాస్‌లో స్కూళ్లకు అక్షరాలకు బదులు మాటలు ఇచ్చేవాళ్లు. మా స్కూలుకు ‘రికగ్నైజ్డ్’ వచ్చింది. అదే డిస్ట్రిక్టులో, నాలుగు మైళ్ల అవతలి స్కూలుకు అంతకు పైమెట్టు, ‘ఎగ్జెంప్లరీ’. ఆ ఒక్క మెట్టు నాకు కంట్లో నలుసైంది. ఏ ఇంట భోజనానికి వెళ్లినా ‘మీరింకా అక్కడే ఉన్నారా’ అనేవాళ్లు. మీ మామయ్య ‘రెండేళ్లే కదా, ఉండనీ’ అన్నారు. నేను వినలేదు. జూలైలో ఇల్లు మార్పించాను.

బ్యాండులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆడిషన్లు పెట్టి అంతకుముందే తేల్చేశారు. నాకు ఆ సంగతి తెలియదు, కనుక్కోవాలనీ తోచలేదు. పాత స్కూల్లో మొదటి క్లారినెట్ వాయించిన పిల్లకు కొత్త స్కూల్లో మిగిలిన కుర్చీ ఇచ్చారు. అక్టోబర్‌లో మానేసింది. క్లారినెట్ పెట్టె బట్టల అల్మారా అడుగుకు చేరింది. ర్యాంకూ అంతే. మార్కులు ఏమీ తగ్గలేదు, కానీ మొదటి పది శాతంలో ఉన్న పిల్ల ఇరవై దాటి వెళ్లింది. అన్నిటికంటే నన్ను ఇప్పటికీ పొడిచేది లంచ్ డబ్బా. పెట్టిన పులిహోర పెట్టినట్టే తిరిగి వచ్చేది. క్యాంటీన్‌లో తింటోందేమో అనుకున్నాను. పక్కన కూర్చునేవాళ్లు లేక మధ్యాహ్నాలు లైబ్రరీలో గడిపేదనీ, అక్కడ తిననివ్వరనీ కాలేజీకి వెళ్లాక ఒకరోజు మాటల మధ్యలో చెప్పింది. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ‘నువ్వు బాధపడతావని’ అంది. పదహారేళ్ల పిల్ల నన్ను కాపాడింది అమ్మలూ.

నేను వెంటపడిన ఆ మాట ఏమైందో తెలుసా? 2011తో ఆ రేటింగుల పద్ధతే ఆగిపోయింది. అమ్మాయి హైస్కూలు ముగించిన 2012లో ఏ స్కూలుకూ ఏ రేటింగూ రాలేదు. ఇప్పుడు తను బాగానే ఉంది, సంతోషంగా ఉంది. ఆ క్లారినెట్ పెట్టె మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు.

అందుకే ర్యాంకు సంగతి జాగ్రత్తగా విను. 1997 నాటి టెక్సాస్ చట్టం ప్రకారం తమ స్కూల్లో మొదటి పది శాతంలో నిలిచినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ మాత్రం ఆ గీతను దించుకుంటూ వచ్చింది, 2026 ప్రవేశాలకు అది ఐదు శాతమే. ఆ శాతం డిస్ట్రిక్టు మొత్తానికి కాదు, బాబు చదివే స్కూలుకు. అందరూ కలిసి ఒకే స్కూలు మీద పడితే అక్కడి గీత ఎంత ఇరుకవుతుందో నీకు వేరే చెప్పాలా?

ఫ్రిస్కోలో నాకు నచ్చేది వేరే ఉంది. పక్కన అలెన్ ఊరంతటికీ ఒకటే పెద్ద హైస్కూలు. ప్లేనోలో పదకొండు, పన్నెండు తరగతులకు వేరే సీనియర్ హైస్కూలుకు మారాలి. ఫ్రిస్కో వాళ్లు ఎక్కువమంది పిల్లలకు జట్లలో, బ్యాండుల్లో చోటు దొరకాలని కావాలనే చిన్న స్కూళ్లు కట్టుకుంటూ వచ్చారు. మన బాబు నలుగురిలో నోరు విప్పడు, ట్రాంబోన్ చేతికిస్తే మాత్రం వేరే మనిషి. వాడికి కావలసింది ఆ చోటే. ఏ స్కూలు బ్యాండులో ఎందరున్నారు, కొత్తగా వచ్చేవాళ్ల ఆడిషన్ ఎప్పుడు, భోజనం వేళ ఒంటరి పిల్లలు ఎక్కడికి వెళ్తారు? ఈ మూడూ ఫోను చేసి అడుగు. చివరి ప్రశ్నకు కౌన్సెలర్ తడబడితే ఆ స్కూలు పక్కన గుర్తు పెట్టుకో.

వాడినొకసారైనా అడిగావా తల్లీ? ఇన్ని రాత్రులు మేలుకొని పట్టిక వేసిన దానివి, పక్క గదిలోని పిల్లవాడిని ఒక్క మాట అడగలేకపోయావా? కోప్పడుతున్నానని అనుకోకు. నీ వయసులో నేనూ ఇలాగే మేలుకొని కూర్చున్నాను, ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో కాగితం. ఆ బెంగంతా వాడి మీద ప్రేమేనని నాకు తెలుసు.

వసంతం సెలవుల్లో మా ఇంటికి రండి. వాడిని, వాడి ట్రాంబోన్‌ను వెంటబెట్టుకుని రా. ముందు గదిలో వాయించనీ, ఎంత చప్పుడైనా పరవాలేదు. మీ పట్టికలోని మూడు స్కూళ్లకు నేనే కారులో తీసుకెళ్తాను, సాయంత్రం స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర కూర్చుని చూద్దాం. అన్నయ్యకు నేను చెప్పుకుంటాను. అప్పటిదాకా సంతకం ఆపు.

మీ అత్తయ్య