అన్నయ్య చెప్పని నాలుగు నెలలు

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. వయసు 31. తొమ్మిదో ఏట నాన్న దగ్గర కలం పట్టాను. ఇప్పుడు ఆయన లేరు. కలంకారీ గీసేది నేను, ఆర్డర్లూ డబ్బూ అన్నయ్య చూస్తాడు. మూడేళ్ల క్రితం 11 రాత్రులు నిద్రపోకుండా పట్టాభిషేకం తెర గీశాను. అప్పుడే చేతి గాజులు ఎవరికో ఇచ్చేశాను. తర్వాత నాలుగు నెలలు మంచం దిగలేదు. తిరుపతి డాక్టర్ బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) అని లిథియం రాశారు. మాత్ర వేసుకున్నావా అని వదిన రోజూ అడుగుతుంది. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. ఆ 11 రాత్రుల కథ అన్నయ్య చెబితే విని, అలాంటి తెరే కావాలని ఒకరు ఆర్డర్ ఇచ్చారు. ‘మాత్రలు మింగతా ఉంటే గీత యాడ పడతాది మే’ అంటున్నాడు అన్నయ్య. పని అయ్యేదాకా మూడు నెలలు ఆపనా?

జవాబు: ఆపకండి. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మళ్లీ మంచాన పడితే ఆ తెర ఎవరు గీస్తారు?

వణుకును మాత్రం తేలిగ్గా తీసుకోను. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ మీద నల్లగీత పడిందంటే చెరగదు. వేలు కాస్త అదిరినా సీతమ్మ కనురెప్ప పోయినట్టే. లిథియం వేసుకునేవారిలో సన్నటి వణుకు మామూలే, మోతాదు సర్దడమో వేరే మందు ఇవ్వడమో డాక్టర్ చేస్తారు. కానీ మీకిది ఈ మధ్యే మొదలైంది. ఎండలో స్వర్ణముఖిలో గుడ్డలు ఉతికి నీళ్లు సరిగా తాగకపోయినా, నడుం నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి కొని వేసుకున్నా రక్తంలో లిథియం పెరగొచ్చు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దున మాత్రకు ముందు రక్తపరీక్ష చేయించండి. వాంతులు, విరేచనాలు, తూలడం, మాట తడబడడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. రాత్రివేళ మనసు అదుపు తప్పుతున్నట్టుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి.

ఇక మీ అన్నయ్య సంగతి. నాకు బాధ కలిగించింది అదే. 11 రాత్రుల కథ కొనేవాళ్లకు చెప్పినవాడు, నాలుగు నెలల సంగతి ఎవరికైనా చెప్పాడా? మీ జబ్బును సరుకు చేసి అమ్ముతున్నాడమ్మా. తండ్రి లేని ఇంట్లో పెద్దకొడుకు తండ్రి లెక్క. చెల్లెలు నిద్ర మాని గీస్తుంటే లైటు తీసేసి పడుకోమనాల్సింది ఆయనే. ఆయనకు దురుద్దేశం ఉందని నేననను. ఇల్లు గడవాలన్న టెన్షన్ ఉండొచ్చు. అయినా ఒప్పుకోను. ఆ చేతికి గీత నేర్పింది మీ నాన్న. జబ్బు మీకిచ్చింది నిద్రలేని తొందర, అంతే.

ఆర్డర్ వదులుకోమనను. గడువు పెంచమని మీరే, మీ నోటితోనే అడగండి. చెయ్యి స్థిమితంగా ఉన్న పూట సన్నగీతలు వేయండి, వణికే పూట రంగులు నింపండి. మీ వంతు డబ్బు మీ ఖాతాలో పడాలి. అన్నయ్యకు కోపం వస్తే రానివ్వండి.

వదిన గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ ఇంట్లో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే. రక్తపరీక్షకు ఆవిడను తోడు తీసుకెళ్లండి. డాక్టర్ దగ్గరికి మాత్రం అన్నయ్యే రావాలి. వరండాలో కూర్చోబెట్టకండి. లోపలికి పిలిచి, మాత్రలు ఆపొచ్చా అన్న ప్రశ్న ఆయన చేతే అడిగించండి.