రాజుగారు పోతే పోనీరా

ఒరేయ్ నానీ,

నీ యువరాజు వేటలో చచ్చిపోయాడనీ, ఒళ్లు మండి నువ్వు పాత సేవ్ లోడ్ చేసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఈ ఉత్తరం దాని గురించే. నువ్వాడే కంప్యూటర్ ఆట యూరోపా యూనివర్సాలిస్ 4లో వేటకెళ్లిన వారసుడు తిరిగి రాకపోవడం అందరూ పడ్డ బాధే, ఆట నీ ఒక్కడి మీద కక్ష కట్టలేదు. కానీ సేవ్ వెనక్కి తిప్పావంటే ఆ తర్వాత జరగాల్సిన తమాషా అంతా పోయినట్టే. వారసుడు లేకుండా రాజు పోతే, మీతో పెళ్లి సంబంధం ఉన్న దేశపు రాజు మీకూ రాజై కూర్చోవచ్చు. అప్పుడు వాడి కింద అణిగి మణిగి ఉండి, వాడు పెద్ద యుద్ధంలో ఇరుక్కున్న రోజు చూసి తిరగబడాలి. ఈసారి మొదలెట్టేటప్పుడే ఐరన్‌మ్యాన్ మోడ్ ఆన్ చెయ్యి. ఇక వెనక్కి తిప్పుదామన్నా కుదరదు.

క్రూసేడర్ కింగ్స్ 3 అనే ఆట ఇంకా ఘోరం. క్రీ.శ. 867లో మొదలెట్టావంటే చాలామంది రాజులకు ఒకటే చట్టం: తండ్రి పోగానే కొడుకులందరికీ పంపకం. రెండు రాజ్యాలకు సరిపడా భూమి కూడగట్టావనుకో, రెండో కిరీటం నువ్వు చేయించకపోయినా ఆటే చేయించి రెండోవాడి నెత్తిన పెడుతుంది. ఐదెకరాల కొబ్బరితోట ముగ్గురు అన్నదమ్ముల మధ్య గట్లు పడి, చివరికి బోరు ఎవరిదన్న దగ్గర మాటలు మానేసిన ఇళ్లు మన కోనసీమలో చూశావు కదా, నీకు వేరే చెప్పక్కర్లేదు. రాజు ముసలివాడు కాకముందే వారసత్వం పేజీ తెరిచి ఏ ముక్క ఎవరికి పోతుందో చూసుకో. కొడుకులు ఎక్కువైతే ఒకడిని సన్యాసుల్లో కలిపే ప్రయత్నం చెయ్యి. కొడుకుల్ని చంపించే మహానుభావులు కూడా ఉన్నారు. బయటపడిందా, బంధుహంతకుడన్న ముద్ర పడుతుంది, ఇంటాబయటా ఎవడూ నమ్మడు. పెద్దకొడుక్కే అంతా దక్కే చట్టం ఆటలో మధ్యయుగం చివరికి గానీ రాదు. అందాకా తమ్ముళ్లతో యుద్ధాలు అలవాటు చేసుకో.

పెళ్లిళ్ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. దగ్గర చుట్టాల్లోనే మళ్లీ మళ్లీ చేస్తూ పోతే ఆ తర్వాతి తరాల పిల్లలకు ఆట జబ్బులు అంటగడుతుంది. (నాకు ఆడపిల్లలు లేరు కాబట్టి మేనరికం గురించి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.) అయితే ఆ మేనరికాలతోనే సామ్రాజ్యం దక్కించుకున్నవాడు మన గోదావరి వాడే. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ, చోళ రాజరాజు కూతురు. ఆయన చేసుకున్నది మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల కొడుకూ మళ్లీ మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. తండ్రి పోయాక వేంగి గద్దెను బాబాయి విజయాదిత్యుడు లాక్కున్నాడు. అలా గద్దె పోగొట్టుకున్న ఆ కొడుకే 1070లో తాతగారి చోళ సింహాసనం ఖాళీ కాగానే వెళ్లి ఎక్కి, కులోత్తుంగ చోళుడై సుమారు 50 ఏళ్లు ఏలాడు. ఇదే ఆటలో జరిగితే బగ్ అంటావు. కాలేజీలో దీన్నే పాఠంగా చెబితే పిల్లలు నిద్రపోయేవాళ్లు. ఆ పెళ్లిళ్లు నువ్వే కుదిర్చి చూడు, నిద్ర రాదు.

పాత క్రూసేడర్ కింగ్స్ 2లో పిచ్చి పట్టిన రాజు తన గుర్రం గ్లిటర్‌హూఫ్‌ను మంత్రిని చేసేయొచ్చు. నవ్వుతావు గానీ, రోమ్ చక్రవర్తి కలిగులా తన గుర్రం ఇన్సిటాటస్‌ను కాన్సుల్‌ని, అంటే రోమ్‌లో పెద్ద పదవిలో, చేద్దామనుకున్నాడని చెప్పుకునేవాళ్లని రోమన్ రచయిత సూటోనియస్ రాశాడు. యూరోపాలో తోకచుక్క కనబడితే మాత్రం తల పట్టుకుని ఏది నొక్కాలా అని ఆలోచించకు. ఏ జవాబు నొక్కినా దేశ స్థిరత్వం ఒక మెట్టు తగ్గుతుంది. మాటలు వేరు, దెబ్బ ఒకటే. నేనైతే ఇంకాస్త తెలివైన కాలంలో పుట్టి ఉంటే బాగుండేదన్న జవాబే నొక్కుతాను.

ఒక్కదాన్ని మాత్రం నమ్మి నలుగురికీ చెప్పకు. 1991 నాటి సివిలైజేషన్ అనే ఆటలో గాంధీగారి కోపానికి ఇచ్చిన అంకె 1 ఉండేదనీ, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేయడంతో సున్నా కిందికి పోలేక లెక్క తిరగబడి ఏకంగా 255 అయిందనీ, ఆయన అణుబాంబులు వేశాడనీ ఓ కథ తెగ తిరుగుతోంది. అలాంటి తప్పేమీ అందులో లేదని ఆ ఆట చేసిన సిడ్ మైయర్ 2020లో వచ్చిన ఆత్మకథలో తేల్చేశాడు. 2010లో వచ్చిన ఐదో సివిలైజేషన్‌లో మాత్రం కావాలనే, సరదాకి, గాంధీగారి అణుబాంబుల మోజు ఎక్కువ పెట్టారు. రెండూ కలిపి వాదనకు దిగకు.

ఇక కరెంటు సంగతి. ఐరన్‌మ్యాన్‌లో ఆట తనంతట తానే మధ్యమధ్య సేవ్ చేసుకుంటుంది. ఈలోగా సిస్టమ్ ఆగిపోతే ఆ కాస్తా మళ్లీ ఆడుకోవాల్సిందే. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యానుకే చాలడం లేదు కాబట్టి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉంచుకో, తుఫాను హెచ్చరిక ఉన్న రాత్రి ఎవరి మీదా యుద్ధం ప్రకటించకు.

మీ అత్త,
అమలాపురం