పిలిచినా పలకడా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కథ ఒక్కసారి వింటే మొత్తం చెప్పేస్తాడు, పుస్తకం చూసి మాత్రం చదవలేడు. ఒత్తులు వదిలేస్తాడు, ప, వ, మ కలిపేస్తాడు. చదువుతూ మధ్యలో ఎటో చూస్తూ ఉండిపోతాడు, పిలిచినా పలకడు, కాసేపటికి మామూలే. మందుల షాపులో అడిగి ఆరు నెలలుగా మెమరీ సిరప్ పోస్తున్నాం. ఎలా నేర్పితే చదువు వస్తుంది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, 'పిలిచినా పలకడు' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పరధ్యానమే కావచ్చు. కానీ పిల్లల్లో ఒక రకం మూర్ఛ ఉంటుంది. పడిపోరు, కాళ్లూ చేతులూ కొట్టుకోరు. కొన్ని సెకన్లు చూపు నిలిచిపోతుంది, అంతే. ఈసారి భుజం తట్టి చూడండి, పరధ్యానమైతే సాధారణంగా వెంటనే తేరుకుంటాడు. ఫోన్‌లో వీడియో కూడా తీయండి. అది పిల్లల డాక్టర్‌కు చూపిస్తే, అవసరమైతే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) చేయిస్తారు. మూర్ఛే అయితే మందులతో చాలామందికి అదుపులోకి వస్తుంది. బాబును చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. కంటి, వినికిడి పరీక్షలు కూడా చేయించండి.

ఇక ఆ సిరప్. ఆరు నెలలు పోశారు, ఒక్కసారైనా డాక్టర్‌ను అడగాలనిపించలేదా? చదవడం నేర్పే మందు ఏదీ లేదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి డిస్లెక్సియా అనుమానించాలి. అందులో తెలివికి లోటు ఉండదు, అక్షరాన్ని దాని శబ్దంతో కలపడమే కష్టమవుతుంది. దానికి టానిక్ ఏం చేస్తుంది? పోయిన డబ్బు కన్నా పోయిన ఆరు నెలలే నాకు బాధ. ఇలాంటి కొన్ని సీసాల్లో నరాల మీద పనిచేసే మందులూ ఉండొచ్చు. ఆ సీసా కూడా డాక్టర్ దగ్గరకు పట్టుకెళ్లండి.

నేర్పే పద్ధతిని స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి ఇబ్బందులున్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్) బాబును పరీక్షించి చెప్పాలి. ఈలోగా రోజూ ఇరవై నిమిషాలు చాలు. పళ్లెంలో బియ్యం పోసి, శబ్దం పైకి పలుకుతూ వేలితో అక్షరం దిద్దించండి. 'పలక'ను ప-ల-క అని విడగొట్టి, మళ్లీ కలిపి చదివించండి. గుణింతాలు గట్టిపడ్డాకే ఒత్తులు. యాభైసార్లు రాయించే శిక్షలు వద్దు. కథలు మీరే చదివి వినిపించండి. డిస్లెక్సియా అని తేలితే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇదీ ఉంది కాబట్టి, పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

సెలవుల దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి. డాక్టర్ చూసేదాకా బాబును ఒంటరిగా ఈతకు, రోడ్డు మీద సైకిల్‌కు పంపకండి.