నల్ల తెర, తెల్ల లైటు

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మాది నూజివీడు. మూడేళ్ల కిందట మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ ఒక లాప్‌టాప్ తెచ్చిచ్చాడు. అందులో మా ఊరి చరిత్ర టైపు చేసుకుంటున్నాను. మూడు వందల పేజీలు దాటింది. పోయిన నెల ఒక సాయంత్రం కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. ఆ మర్నాటి నుంచి లాప్‌టాప్ లేవడం లేదు. బటన్ నొక్కితే తెల్ల లైటు వెలుగుతుంది, లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వస్తుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి ఆ లైటు కూడా రాదు. ఇక్కడ షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, 18 వేలవుతుంది, లోపలి ఫైళ్లకు గ్యారంటీ లేదన్నారు. లాప్‌టాప్ పోతే పోయింది, ఆ పేజీలు దక్కుతాయా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, మిగతాది టెన్షన్ లేకుండా చదువుకుందురు గాని. పేజీలు దక్కే అవకాశమే ఎక్కువ. మదర్‌బోర్డు వేరు, మీ ఫైళ్లుండే ఎస్సెస్‌డీ వేరు. చాలా లాప్‌టాప్‌లలో అది 8 సెంటీమీటర్ల పొడుగున్న పల్చటి బద్ద. ఒకే ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. బోర్డు నిజంగానే కాలిపోయినా సరే, దాన్ని ఊడదీసి ఒక చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్ తెరుచుకున్నట్టే తెరుచుకుంటుంది. మరీ పల్చటి మోడళ్లు కొన్నింటిలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు. మీది అలాంటిది కాకపోతే భయం లేదు.

ఒక్క మెలిక ఉంది. విండోస్ ఈమధ్య చాలా లాప్‌టాప్‌లలో మనకు చెప్పకుండానే డిస్కుకి తాళం వేస్తోంది. దాన్ని బిట్‌లాకర్ అంటారు. వేరే కంప్యూటర్‌కి తగిలించగానే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆ అంకెలు ఎక్కడుంటాయంటే, లాప్‌టాప్ కొన్నాక మొదటిసారి ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరిచారో అందులో. మీ అబ్బాయి అక్కడే అన్నీ సర్ది తెచ్చాడంటే అది అతని అకౌంటే అయ్యుంటుంది. ఈసారి ఫోన్లో మాట్లాడినప్పుడు అకౌంట్‌లోకి వెళ్లి రికవరీ కీ అనే ఆ 48 అంకెలు చూసి పంపమనండి. కాగితం మీద రాసి పెట్టుకోండి. అది దొరికేదాకా ఎవరి చేతా డిస్కు ముట్టించొద్దు. "ఫార్మాట్ కొడితే లేస్తుంది సార్" అని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. కంపెనీ బొమ్మ కూడా తెర మీదకి రాని లాప్‌టాప్‌కి ఫార్మాట్‌తో ఒరిగేదేమీ లేదు. పోయేది మీ ఊరి చరిత్రే.

ఇక జబ్బు సంగతి. నాకు మీ ఉత్తరంలో రెండు జబ్బులు కనిపిస్తున్నాయి. లైటే రాకపోవడం ఒకటి, లైటు వచ్చి తెర రాకపోవడం ఇంకొకటి. రెంటినీ కలిపి చెప్పేసరికి షాపతను అన్నిటికీ బోర్డే కారణమని తేల్చేసి ఉంటాడు.

లైటు రాకపోవడానికి నా అనుమానం ముందు మీ ప్లగ్గు మీదకే పోతోంది. డాలస్‌లో కొన్నదంటే దాని పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మన గోడ సాకెట్లో దూరవు. మధ్యలో ఏదో కన్వర్టర్ ముక్క పెట్టి వాడుతుంటారు మీరు. పెట్టినప్పుడు చిటపటమంటుందా? చార్జింగ్‌లో ఉండగా లాప్‌టాప్ ఇనప ఒంటి మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుందా? ఆ జివ్వుమనడం ఎర్తింగ్ అందడం లేదనడానికి గుర్తు. చిటపట లూజ్ కాంటాక్ట్‌కి గుర్తు. ఈ కన్వర్టర్ల వల్ల లాప్‌టాప్ చచ్చిందనుకుని అమెరికా సామాను మోసుకొచ్చే తల్లిదండ్రులు ఏడాదికి నలుగురైదుగురైనా వస్తారు నా దగ్గరికి. మందు చాలా తేలిక. అడాప్టర్ డబ్బా మీద సన్నటి అక్షరాలు భూతద్దం పెట్టి చదవండి. ఇన్‌పుట్ అని ఉన్నచోట 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే అది మన కరెంటుకీ పనికొస్తుంది. స్టెబిలైజర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ అక్కర్లేదు. డబ్బా నుంచి గోడకి వెళ్లే వైరు చాలావాటికి విడిగా ఊడుతుంది. దాన్ని పట్టుకెళ్లి, అలాంటి మూతే ఉన్న మన మూడు పిన్నుల వైరు ఇమ్మనండి. రెండొందలకు మించదు. కన్వర్టర్‌ని అవతల పారేయండి.

కొత్త వైరుతో లైటు ఖాయంగా వస్తోందా? అయితే రెండో జబ్బు. తెర నల్లగా ఉందంటే లాప్‌టాప్ లేవలేదా, లేచి కూడా తెర వెలగలేదా అన్నది తేలాలి. బటన్ నొక్కి రెండు నిమిషాలు ఆగి క్యాప్స్‌లాక్ మీట నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే లాప్‌టాప్ లేచిందన్నమాటే, తెరే వెలగలేదు. అప్పుడు గది చీకటి చేసి, ఫోన్ టార్చి తెరకి ఏటవాలుగా పట్టి చూడండి. నీడల్లా బొమ్మలు కనిపిస్తే తెర వెనక దీపం పోయింది, అంతే. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు ఉంటే దానికి తగిలించండి. టీవీలో మీ పేజీలు కనిపించాయా, ఇంక ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి వాటిని దింపుకున్నాకే మిగతా పని.

క్యాప్స్‌లాక్ పలకకపోతే చార్జరూ పెన్‌డ్రైవూ మౌసూ అన్నీ పీకేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని నలభై లెక్కపెట్టండి. బోర్డు మీద ఒక చిన్న చిప్ ఉంటుంది, చార్జర్ ఉందా, బ్యాటరీ ఎంతుంది, బటన్ ఎవరైనా నొక్కారా అని చూసుకోవడమే దాని ఉద్యోగం. కరెంటు ఎగుడుదిగుడుల్లో అది ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ఇలా పట్టుకుంటే లోపల మిగిలిన చార్జ్ దిగిపోయి అది మళ్లీ మొదట్నుంచి పని మొదలుపెడుతుంది. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి.

దానికీ లేవకపోతే ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపు లాప్‌టాప్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకాల పలక. ఇక్కడ నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. 2009లో, నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో పనికి చేరిన కొత్తలో, ఒక ఇంజినీరింగ్ అమ్మాయి అచ్చం మీలాంటి కేసే తెచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, తెర నలుపు. అటు తిప్పి ఇటు తిప్పి, పెద్ద డాక్టరులా మొహం పెట్టి, బోర్డు పోయిందమ్మా అన్నాను. పాపం ఏడుపు మొహంతో వెళ్లింది. గంట తర్వాత టీ తాగడానికి దిగుతుంటే మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో లాప్‌టాప్ వెలుగుతోంది. కింది షాపాయన ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టి రెండొందలు తీసుకున్నాడట. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, చూసిందంతే. అప్పట్నుంచి నా చొక్కా జేబులో పెన్ను పక్కన తెల్ల రబ్బరు ఉంటుంది.

మీరు చేయనక్కర్లేదు, ఇంటర్ చదివే మనవడో పక్కింటి కుర్రాడో ఉంటే చాలు. కాకపోతే ముందు లాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడండి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టున్నా బ్యాటరీ వాచింది. ఇంక స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, చార్జింగ్ కూడా పెట్టొద్దు, నేరుగా షాపుకే. ఏమీ ఉబ్బలేదంటే కింది మూత విప్పి, మొట్టమొదట బ్యాటరీ వైరు కొక్కెం తీసేయాలి. ర్యామ్ పలకకి రెండు వైపులా వెండి రంగు క్లిప్పులుంటాయి. వాటిని బయటికి జరిపితే పలక దానంతట అదే ఏటవాలుగా లేస్తుంది. అంచున బంగారు రంగు పళ్లుంటాయి. కోస్తా ఉక్కకి వాటిమీద కంటికి కనపడని మసక పడుతుంది. రబ్బరుతో నాలుగుసార్లు ఒకే దిశలో రుద్ది, పొడి దులిపి, లేచిన వాలులోనే గట్టిగా లోపలికి తోసి కిందికి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. పళ్లు బయటికి కనపడుతుంటే సరిగా దిగలేదని అర్థం. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడమనండి, ఒకటి చెడిపోయి రెండోదాన్ని కూడా పనిచేయనివ్వకుండా అడ్డుపడుతూ ఉండొచ్చు. బ్యాటరీ మళ్లీ తగిలించి ఆన్ చేశాక కంగారుపడి వెంటనే ఆపేయొద్దు. ర్యామ్ కదిపాక కొన్ని లాప్‌టాప్‌లు మొదటిసారి రెండు మూడు నిమిషాలు నల్లతెరతోనే లెక్కలు చూసుకుంటాయి.

ఇదీ పనిచేయకపోతే అప్పుడు బోర్డు అనుకుందాం. అప్పుడూ బోర్డంతా మార్చాల్సిన కేసులు నా బల్ల మీదకి తక్కువే వస్తాయి. చిప్ లెవెల్ సర్వీస్, అంటే బోర్డంతా మార్చకుండా కాలిన ముక్క ఒక్కటే మార్చేవాళ్లు విజయవాడలో దొరుకుతారు. వెళ్లి "ఏ భాగం కాలింది, మీటర్ పెట్టి చూపించండి" అని అడగండి. 18 వేల సంగతి ఆ తర్వాత. లాప్‌టాప్ ఇచ్చేముందు ఎస్సెస్‌డీ ఊడదీయించి మీ జేబులో వేసుకోండి. బోర్డు రిపేరుకి దాని అవసరం లేదు.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లాప్‌టాప్ ఆన్ అవుతుంది, కంపెనీ లోగో వస్తుంది, తర్వాత నల్లతెర మీద బూట్ డివైస్ దొరకలేదని వస్తోంది. టైమ్ కూడా ఏదో పాత సంవత్సరం చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, నీకు కావాల్సిన క్లూ నువ్వే చివర్లో రాశావు. గడియారం వెనక్కి పోయిందంటే బోర్డు మీద గుండ్రటి బటన్ బ్యాటరీ అయిపోయి ఉండాలి. దాంతో సెట్టింగులన్నీ మొదటికొచ్చి, విండోస్ ఎక్కడుందో మర్చిపోయింది. ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ వరుసగా కొడుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లు. అక్కడ నీ డిస్కు పేరు కనిపిస్తే సగం గండం గడిచినట్టే, బూట్ మోడ్ (విండోస్‌ని లేపే పద్ధతి) యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఉందో లేదో చూసి, టైము సరిచేసి సేవ్ చెయ్. మళ్లీ మళ్లీ పోతుంటే బ్యాటరీ మార్పించు. చాలావాటిలో సీఆర్2032 రకం ఉంటుంది, కొన్నింటిలో దానికే వైరు అతికించి ఉంటుంది, పాతది చూపించి అలాంటిదే అడుగు. డిస్కు పేరే కనిపించకపోతే ఒకసారి ఊడదీసి పెట్టించు. అప్పటికీ కనిపించకపోతే డిస్కు పోయి ఉండొచ్చు. ప్రాజెక్టు రిపోర్టు ఇంకెక్కడైనా దాచావా?

ప్రశ్న: కీబోర్డు మీద టీ ఒలికింది. బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు. పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. బియ్యం నూకలు పోర్టుల్లోకి దూరి వాటిని తీయడం నాకు ఇంకో పని. వెంటనే ఆఫ్ చేసి, చార్జర్ పీకి, మూత తెరిచి గుడారంలా బోర్లించి పెట్టండి. ఆరిందని మీకనిపించినా ఆన్ చేయకండి. పాలూ పంచదారా వేసిన టీ కదా, నీరు ఆరిపోయినా బంక మిగిలిపోతుంది. విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించాకే బటన్ నొక్కండి.