రాయిగా మారిన నత్త తన హంతకుణ్ణి చూపిస్తుంది

"కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు నత్తను ఎవరు వేటాడారో ఎలా చెప్తారు? అంతా ఊహే కదా?" అని ఒకరు అడిగారు. ఊహ కాదండీ. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను. ఈ విషయంలో డైనోసార్ ఎముక కంటే నత్త గుల్లే నయం.

ఒకసారి పిల్లలను సూర్యలంక బీచ్‌కు తీసుకుపోయాం. ఒక అమ్మాయి రంధ్రాలున్న చిప్పలే ఏరుకొచ్చి దండ గుచ్చుతోంది. "సార్, ఎవరో మిషన్ పెట్టి పొడిచినట్టే ఉన్నయ్" అంది. చేతిలోకి తీసుకుని చూశాను. రంధ్రాలన్నీ చిప్ప మొన దగ్గరే. పైన వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. నాటిసిడ్ అనే నత్త పని అది. ఎరను పాదంతో చుట్టేసి, ఆమ్లంతో గుల్లను మెత్తబరుస్తూ, ఆకురాయిలాంటి నాలుకతో గంటల తరబడి గీకుతుంది. ఆ రంధ్రంలోంచే మాంసం లాగేస్తుంది. మ్యూరిసిడ్ అనే ఇంకో రకం నత్త తొలిస్తే గోడలు నిటారుగా వస్తాయి. డైనోసార్ల యుగం చివర్లోని క్రిటేషియస్ కాలపు గుల్లల మీదా ఇవే రంధ్రాలు.

ఆ కుప్పలో ఒక చిప్పకు రంధ్రం సగంలోనే ఆగింది. "అయితే ఇది తప్పించుకుందా సార్?" అని అడిగింది. నాకు ఒళ్లు పులకరించింది. శిలాజాల్లో శాస్త్రవేత్తలు లెక్కపెట్టేది సరిగ్గా వీటినే: ఎన్ని దాడులు ఫలించాయి, ఎన్ని మధ్యలో ఆగాయి, పీత విరిచిన అంచును నత్త ఎన్నిసార్లు మళ్లీ కట్టుకుంది.

చిన్నప్పుడే చూపు పోయిన శిలాజ శాస్త్రవేత్త గీరాట్ వర్మే గుల్లలను వేళ్లతో తడిమే ఈ కథంతా పట్టుకున్నాడు. డైనోసార్లు తిరిగిన మీసోజోయిక్ యుగంలో గుల్లలు పగలగొట్టే జీవులు, తొలిచే జీవులు పెరిగేకొద్దీ నత్తలు గుల్ల మందం చేసుకున్నాయి, ముళ్లు పెంచాయి, నోరు ఇరుకు చేసుకున్నాయి అని 1977లో రాశాడు. నా లెక్కలో జీవిని మార్చేది ముందు శత్రువు, తర్వాతే వాతావరణం. మన గైడ్లలో మాత్రం వాతావరణం గురించి రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. చదివే పిల్లలకు ఇంకేం తెలుస్తుంది?

ఇంకో బాధ. మన యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్‌ను చూడాలంటే హైదరాబాద్ బిర్లా మ్యూజియానికి పోవాలి. పోయి చూసినా, అది ఎవరికి భయపడి బతికిందో ఆ అస్థిపంజరం చెప్పదు. ప్రతి కాలేజీ ల్యాబ్‌కు ఒక డబ్బాడు రంధ్రాల చిప్పలు, ఒక భూతద్దం ఇవ్వండి చాలు. రూపాయి ఖర్చు లేని పాఠం అది.

ఆ అమ్మాయి సగం రంధ్రం చిప్పను దండలో గుచ్చలేదు. జామెట్రీ బాక్సులో దాచుకుంది.