ఎదురు చెప్పే నోళ్లు మూయించాకే

ప్రశ్న: అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమైపోతుందని హిట్లర్ అనుచరుడు గోబెల్స్ అన్నాడంటారు. జర్మన్లు చదువుకున్నవాళ్లే కదా, యూదుల గురించి అంత దారుణమైన మాటలు ఎలా నమ్మారు?

జవాబు: క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు కూడా ఇదే అడిగేవారమ్మా. ఆ మాట గోబెల్స్ అన్నట్టు గట్టి ఆధారం లేదు. నా దృష్టిలో ఆ మాట సగమే నిజం కూడా. ఎదురు చెప్పేవాడు ఉన్నంతకాలం ఎన్నిసార్లు చెప్పినా అబద్ధం బయటపడుతుంది. నాజీలు ముందు ఆ నోళ్లు మూయించారు. 1933 మార్చిలో గోబెల్స్ మంత్రిగా ప్రచార శాఖ పెట్టారు. ప్రతిపక్షాల పత్రికలు మూతపడ్డాయి. అక్టోబరులో వచ్చిన చట్టం యూదులను పత్రికా రంగం నుంచే వెళ్లగొట్టింది. అదే ఏడాది 76 మార్కులకే ‘ప్రజా రేడియో’ అనే చౌక రేడియో సెట్టు వచ్చింది. స్టేషన్లన్నీ ప్రభుత్వానివే. యుద్ధం మొదలయ్యాక విదేశీ స్టేషన్ వినడమే నేరం.

ఇక నాజీ నాయకుడు జూలియస్ స్ట్రైషర్ నడిపిన ‘డెర్ ష్టూర్మర్’ పత్రికను కొననక్కర్లేదు. బస్టాపుల దగ్గర, రద్దీ వీధుల్లో గాజు పెట్టెల్లో పెట్టేవారు. మొదటి పేజీ అడుగున వారం వారం ఒకటే వాక్యం: ‘యూదులే మన దౌర్భాగ్యం’. ఆ పెట్టెల ముందు జనం నిలబడ్డ ఫొటోలు ఉన్నాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వాళ్ల ముఖాలే. చాలామందిలో కోపమేమీ కనిపించదు, మామూలుగా పేపరు చదువుతున్నట్టే ఉంటారు.

పక్కింటి యూదుణ్ణి చూస్తే అది అబద్ధమని తెలియదా అంటారేమో. యూదులు జనాభాలో ఒక శాతం కూడా లేరు, అందులోనూ మూడోవంతు బెర్లిన్‌లోనే. చాలా ఊళ్లలో అసలు పక్కింటి యూదుడే లేడు. ఉన్నచోట కూడా దూరం చేశారు. 1938 నవంబరులో యూదుల పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి పూర్తిగా పంపేశారు. స్ట్రైషర్ సంస్థ ‘విషపు పుట్టగొడుగు’ అనే పిల్లల బొమ్మల పుస్తకం వేసిందీ ఆ ఏడాదే. అందులో ఒక తల్లి అడవిలో పుట్టగొడుగులు ఏరుతూ, మంచివీ విషపువీ వేరు చేసి చూపించి, మనుషుల్లో విషం యూదులేనని కొడుక్కి చెబుతుంది. పక్క బెంచీలో యూదుల పిల్లాడు కూర్చుని ఉంటే, ‘వీడు అలా లేడే’ అని ఒక్క పిల్లకైనా అనిపించి ఉండేది. అదీ లేకుండా చేశారు.

అందరూ నమ్మారని మాత్రం అనను. ఖాళీ అయిన ఉద్యోగాలు, కారుచౌకగా దొరికిన యూదుల దుకాణాలు చూసుకుని ఊరుకున్నవాళ్లు ఎందరో.

ప్రశ్న: స్వయంగా చంపకుండా, మాటలతోనే ఉసిగొల్పినవాళ్లకు శిక్ష పడిందా?

జవాబు: పడింది. గోబెల్స్ విచారణకు ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. స్ట్రైషర్‌ను మాత్రం, యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు మేరకు 1946 అక్టోబరులో ఉరితీశారు. ఆఫ్రికాలోని రువాండాలో 1994లో హుటూ తెగ తీవ్రవాదులు టుట్సీ తెగవాళ్లను ఊచకోత కోశారు. అక్కడ పాటలు, జోకుల మధ్య టుట్సీలను బొద్దింకలంటూ ప్రసారాలు చేసిన రేడియో వ్యవస్థాపకుల్లో ఇద్దరినీ, ఒక పత్రికా సంపాదకుణ్ణీ 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దోషులుగా తేల్చింది. అక్కడా ఎదురు చెప్పగలిగినవాళ్లనే ముందు చంపారు. ప్రధాని అగాథే ఉవిలింగియిమానా స్వయంగా హుటూ. 1994 ఏప్రిల్ 7 ఉదయం రేడియోలో దేశంతో మాట్లాడాలనుకున్నారు. స్టేషన్‌కు చేరకముందే సైనికులు ఆమెను కాల్చి చంపారు.